తాత బండి ఎందుకు వంగదు?

సైకిల్ తొక్కే వాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. దాన్ని ఎవరూ నేర్పరు, ఎవరూ చెప్పుకోరు. మలుపు రాగానే సైకిలూ మనమూ కలిసి లోపలి వైపుకు వంగుతాము. ఎంత వేగంగా పోతే అంత ఎక్కువ వంగుతాము. వంగకుండా మలుపు తిరగాలని చూస్తే బయటి వైపుకు పడిపోతాము. కానీ మూడు చక్రాల బండికి ఈ వీలు లేదు. దాని వెనుక చక్రాలు రెండూ నేలను అంటిపెట్టుకొని నిటారుగానే ఉంటాయి. అందువల్ల ఆగినప్పుడు అది పడదు, సైకిల్ పడుతుంది. మలుపులో మాత్రం సైకిల్ నిలబడుతుంది, మూడు చక్రాల బండి పడుతుంది. ఈ చిన్న తేడా గురించి నేను ఐదు నెలలుగా ఆలోచిస్తున్నాను. దానికి కారణం మా తాత.

మా సోలాపూర్‌లో టవెళ్లు, చద్దర్లు నేసే కార్ఖానాలు ఎన్నో ఉన్నాయి. ఒక చోట నేస్తారు, ఒక చోట కుడతారు, ఇంకో చోట మడతపెట్టి కట్టలు కడతారు. ఈ చోట్ల మధ్య మూటలు మోయడం మా తాత పని. చిన్నప్పుడు ఆయన కూడా సాంచాల మీదే పని చేశాడు. చెవులు సరిగా వినబడక ఆ పని మానేసి మూడు చక్రాల బండి కొన్నాడు. ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు, వాటిపైన చెక్కల బల్ల. ఆ బండి నా కన్నా వయసులో పెద్దది.

పోయిన శ్రావణంలో పండుగ గిరాకీ వల్ల మూటలు ఎక్కువగా ఉన్న రోజు, అశోక్ చౌక్ వైపు నుంచి వస్తూ ఒక సందులోకి తిప్పగానే బండి బయటి వైపుకు ఒరిగి పడింది. ఎదురుగా ఏ బండీ రాలేదు. తాత వేగంగా కూడా రాలేదు. రోడ్డు కొద్దిగా మోరీ వైపుకు వాలి ఉంది, అంతే. ఆయన ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు కట్టారు. ఇంట్లో బాపు ఒకటే మాట అన్నాడు: "ఇగ బండి అమ్మేద్దాం. ఈ వయసుల నీకెందుకు?" తాత జవాబు ఇయ్యలేదు. కట్టు ఉన్న చేత్తోనే వాకిట్లో ఉన్న బండి చైనుకు నూనె వేస్తూ కూర్చున్నాడు.

బండి అమ్మితే డబ్బు వస్తుందేమో కానీ తాతకు పొద్దున లేచి పోవడానికి చోటు ఉండదు. అది నాకు అర్థమైంది. విజ్ఞాన ప్రదర్శనకు ఏం చేస్తావని సైన్స్ సార్ అడిగినప్పుడు నేను, "మలుపులో వంగే మూడు చక్రాల బండి" అన్నాను. సార్ నవ్వలేదు. "ముందు వంగని బండి ఎందుకు పడుతుందో లెక్క తీసుకొని రా" అన్నారు.

లెక్కకు మూడు కొలతలు కావాలి. మొదటిది, వెనుక చక్రాల మధ్య దూరం. టేపు పెట్టి కొలిస్తే 90 సెంటీమీటర్లు వచ్చింది. రెండోది, మొత్తం బరువులో ముందు చక్రం మీద ఎంత పడుతుంది అన్నది. దీనికోసం కార్ఖానాలో నూలు తూచే కాటా మీదికి ముందు చక్రాన్ని ఎక్కించాము. బండి 60 కిలోలు, తాత 50 కిలోలు, మూటలు 130 కిలోలు, మొత్తం 240. అందులో 80 కిలోలు ముందు చక్రం మీద ఉన్నాయి, అంటే మూడో వంతు. మూడోది, గురుత్వ కేంద్రం ఎత్తు. బల్ల నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, దాని మీద మూటలు ఇంకో 70 సెంటీమీటర్లు లేస్తాయి. కాబట్టి మూటల నడిమి 105 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. తాతను, బండిని కూడా కలిపి లెక్క వేస్తే అన్నిటి గురుత్వ కేంద్రం సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చింది.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి ఉంది. వెనుక చక్రాల మధ్య 90 ఉంది కాబట్టి నడిమి నుంచి ఒక్కో వైపుకు 45 సెంటీమీటర్ల ఆసరా ఉందని అనుకుంటాము. కానీ మూడు చక్రాలు నేలను తాకే చోట్లను కలిపితే త్రిభుజం వస్తుంది. బండి పడేది ముందు చక్రాన్ని, ఒక వెనుక చక్రాన్ని కలిపే గీత మీదుగా. ముందుకు పోయే కొద్దీ త్రిభుజం సన్నబడుతుంది. బరువులో మూడో వంతు ముందు చక్రం మీద ఉంటే గురుత్వ కేంద్రం ఆ సన్నబడే వైపుకు జరిగినట్టే. అక్కడ ఆసరా 45లో మూడో వంతు తగ్గి 30 సెంటీమీటర్లే మిగులుతుంది. ముప్పై సెంటీమీటర్ల ఆసరా మీద తొంభై సెంటీమీటర్ల ఎత్తు! అంటే పక్కకు తోసే బలం బరువులో మూడో వంతుకు చేరితే చాలు, బండి పడుతుంది. 4 మీటర్ల వ్యాసార్ధం ఉన్న సందు మలుపులో ఆ బలం రావడానికి గంటకు 13 కిలోమీటర్ల వేగం సరిపోతుంది. రోడ్డు బయటి వైపుకు వాలి ఉంటే అంత కూడా అక్కర లేదు. 13 కిలోమీటర్లంటే పెద్ద వేగం కాదు. నేను బడికి సైకిల్ మీద అంతకంటే ఎక్కువ వేగంతోనే వస్తాను.

ఈ లెక్క ఇంట్లో చదివి వినిపించాను. బాపు విని కాసేపు ఏమీ అనలేదు. అప్పటిదాకా అందరూ తాత వయసునే తప్పు పట్టారు. లెక్కలో వయసు ఎక్కడా లేదు.

వంగే మూడు చక్రాల బండి కొత్త ఆలోచన ఏమీ కాదని చదివి తెలుసుకున్నాను. ఇంగ్లాండులో 1970లోనే ఏరియల్ 3 అనే మోపెడ్ వచ్చింది. దానిలో వెనుక చక్రాలు, ఇంజను నేల మీద సమంగా ఉంటాయి, తొక్కేవాడు కూర్చునే ముందు భాగం మాత్రం మధ్యలో ఉన్న కీలు మీద పక్కకు వంగుతుంది. అది అంతగా అమ్ముడుపోలేదు. కానీ అలాంటి పద్ధతిలోనే జపానులో హోండా వాళ్లు 1982లో గైరో అనే బండి తెచ్చారు, సరుకులు ఇళ్లకు చేర్చడానికి అది బాగా పనికొచ్చింది. ఇటలీలోని పియాజియో వాళ్లు 2006లో తెచ్చిన ఎంపీ3 స్కూటరుకు ముందు రెండు చక్రాలు ఉంటాయి. అవి సమాంతర చతుర్భుజం ఆకారంలో కలిపిన కడ్డీల వల్ల బండితో పాటు రెండూ కలిసి వంగుతాయి. ఆగినప్పుడు పడకుండా వాటిని బిగించే తాళం కూడా ఉంది. మన ఊళ్లలో తిరిగే ఆపే ఆటోలు కూడా పియాజియో పేరు మీదివే, కానీ అవి వంగవు. ఒకే కంపెనీ స్కూటరుకు వంగే చక్రాలు పెట్టి, ఆటోకు పెట్టలేదంటే దానికి కారణం ఉండాలి కదా అని అప్పుడే అనిపించింది. ఆ కారణం నమూనాలు చేశాక తెలిసింది.

నేను చెక్కతో రెండు నమూనాలు చేశాను. చక్రాలకు పాత బొమ్మ బండ్లవి, ఇరుసులకు సైకిల్ పుల్లలు, మూటలకు ఇసుక నింపిన గుడ్డ సంచులు వాడాను. వాటిని పరుగెత్తించి చూడడం కష్టం. దానికి సార్ ఒక ఉపాయం చెప్పారు. నమూనాను పలక మీద పెట్టి పలకను ఒక పక్క మెల్లగా లేపాలి. ఏ కోణం దగ్గర పడిపోతుందో కోణమానినితో కొలవాలి. ఎక్కువ కోణం దాకా నిలబడితే మలుపులో ఎక్కువ వేగం దాకా నిలబడుతుందన్న మాట. నమూనా చిన్నదైనా పెద్దదైనా కోణం మారదు, ఎందుకంటే ఇక్కడ లెక్క ఎత్తుకు, ఆసరాకు మధ్య ఉన్న నిష్పత్తి మాత్రమే. చక్రాలు జారకుండా పలక మీద చిన్న చెక్క పట్టీ కొట్టాము. తాత బండి కొలతలతో చేసిన వంగని బండి 18 డిగ్రీల దగ్గర పడాలని లెక్క చెప్పింది. పలక మీద 17 డిగ్రీల దగ్గర పడింది.

మొదటి నమూనా ఏరియల్ పద్ధతి. ముందు భాగం వంగుతుంది, వెనుక బల్ల వంగదు. పలక మీద పెట్టి, ముందు భాగాన్ని పై వైపుకు వంచి చూస్తే 19 డిగ్రీల దగ్గర పడింది. రెండు డిగ్రీల లాభం కోసం అంత పని దండగ. మోపెడ్ మీద బరువంతా మనిషిదే కాబట్టి అక్కడ మనిషి వంగితే చాలు. తాత బండిలో బరువు మూటలది. వంగాల్సింది మూటలు.

రెండో నమూనాలో అందుకే మూటల బల్లే వంగేటట్టు చేశాను. దీని ఆలోచన నాకు కూరగాయల త్రాసు నుంచి వచ్చింది. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు కాకుండా, ఒక్కొక్కటి ఒక్కో చేయికి తగిలించి ఉంటాయి. ఆ చేతులు ముందు వైపున కీలు మీద కదులుతాయి. రెండు చేతులనూ పైన త్రాసు కాడిలాంటి అడ్డ కడ్డీకి కలపాలి. కాడి నడిమి బండి ఫ్రేముకు బిగించి ఉంటుంది. ఒక చక్రం పైకి లేస్తే కాడి తిరిగి రెండో చక్రాన్ని అంతే కిందికి దించుతుంది. బండి, బల్ల, తొక్కేవాడు అందరూ కలిసి వంగుతారు, మూడు చక్రాలూ నేల మీదే ఉంటాయి. 10 డిగ్రీలు వంగాలంటే ఒక్కో చక్రం 8 సెంటీమీటర్లు కదలాలి. అంతకు మించి వంగకుండా కాడి కింద రెండు వైపులా రబ్బరు ముక్కలు పెట్టాను. చైను విషయం సైకిల్ దుకాణం అన్న చెప్పాడు. చేయి తిరిగే కీలు దగ్గరే ఇంకో పళ్ల చక్రం పెట్టి, అక్కడి నుంచి వెనుక చక్రానికి వేరే చైను వేస్తే చేయి లేచినా దిగినా చైను వదులు కాదు.

ఈ నమూనాను వాకిట్లో తాత ముందు పెట్టాను. చేయి వదలగానే అది ఒక పక్కకు ఒరిగి రబ్బరు మీద ఆగింది. తాత దాన్ని లేపాడు, మళ్లీ ఒరిగింది. రెండోసారి లేపి ఇటు చూసి అన్నాడు:

"ఇది సైకిల్ లెక్కనే పడుతుంది కదరా. నేను దినానికి ఎన్ని దిక్కుల ఆగుతానో తెలుసా? కార్ఖానా ముంగట ఆగాలె, చౌక్ కాడ ఆగాలె, గేదె అడ్డమొస్తే ఆగాలె. ఆగినప్పుడల్లా గిట్ల ఒరిగితే మూటలు నేను లేపాల్నా?"

ఆ ప్రశ్నకు లెక్కలో జవాబు వెతికాను. బండి, మూటలు, మనిషి కలిసి వంగే బరువు 200 కిలోలు అనుకుందాం. 10 డిగ్రీలు ఒరిగిన దాన్ని నిటారుగా లేపాలంటే అర మీటరు పొడవు పిడి పట్టుకొని 50 కిలోలకు పైగా బరువు ఎత్తినంత బలం పెట్టాలి. తాత బరువే 50 కిలోలు. మలుపులో ఉన్నంతసేపు వేగమే బండిని నిలబెడుతుంది, ఆగినప్పుడు నిలబెట్టేది ఏదీ లేదు. స్ప్రింగులు పెట్టి నిలబెట్టవచ్చు, కానీ అంత బరువును నిలబెట్టే స్ప్రింగులు మలుపులో వంగనివ్వవు. ఆటోకు వంగే చక్రాలు ఎందుకు పెట్టరో నాకు అప్పుడు తెలిసింది. వంగడం, నిలబడడం రెండూ ఒకేసారి దొరకవు. తేలిక బండికి, వేగంగా పోయే బండికి వంగడం ముఖ్యం. బరువు బండికి, మాటిమాటికీ ఆగే బండికి నిలబడడం ముఖ్యం. తాత బండికి రెండూ కావాలి.

అందుకే కాడికి తాళం పెట్టాను. కాడి నడిమికి సగం చంద్రుడి ఆకారంలో ఇనుప రేకు బిగించి, దాని నడిమిలో ఒక గాడి కోయాలి. బ్రేకు పిడి లాంటిది వదిలితే స్ప్రింగు ఒక మేకును ఆ గాడిలోకి తోస్తుంది. పిడి పట్టుకుంటేనే మేకు బయటికి వచ్చి బండి వంగుతుంది. గాడి నడిమిలో ఒకటే ఉంది కాబట్టి బండి నిటారుగా ఉన్నప్పుడే తాళం పడుతుంది, ఒరిగినప్పుడు పడదు. చేయి జారినా, తీగ తెగినా బండి మామూలు మూడు చక్రాల బండిగా మారుతుంది. ఏదైనా చెడిపోతే తాతకు తెలిసిన బండే మిగలాలి, తెలియనిది కాదు. ఇది సార్ పెట్టిన షరతు.

అసలు బండికి ఇదంతా పెట్టడానికి ఎంత అవుతుందని వెల్డింగ్ దుకాణంలో అడిగితే, వాళ్లు చెప్పిన మాట పాత బండి ధర కంటే ఎక్కువ ఉంది. అప్పుడు లెక్కల కాగితం మళ్లీ ముందు పెట్టుకున్నాను. వంగకుండానే ఏం మారుతుందో చూద్దామని. బల్లను చక్రాల పైన కాకుండా చక్రాల మధ్యకు దించితే 70 నుంచి 45 సెంటీమీటర్లకు దిగుతుంది. వెడల్పు తగ్గుతుంది కాబట్టి పొడవును వెనక్కి పెంచాలి. అలా పెంచితే బరువు కూడా వెనక్కి జరుగుతుంది, ముందు చక్రం మీద 80 కిలోలకు బదులు 60 కిలోలే పడతాయి. గురుత్వ కేంద్రం ఎత్తు 90 నుంచి 75కు దిగుతుంది, ఆసరా 30 నుంచి దాదాపు 34కు పెరుగుతుంది. అదే మలుపులో 13 కిలోమీటర్లకు పడే బండి 15 దాకా నిలబడుతుంది. దీనికి కాడి కూడా కలిపితే 18 దాకా పోవచ్చు. కాడి లేకుండా వచ్చే లాభానికి ఖర్చు కొన్ని ఇనుప కడ్డీలు, ఒక రోజు కూలీ మాత్రమే.

దీపావళి తరువాత బాపు తనే ఆ డబ్బు ఇచ్చి బల్లను కిందికి దింపించాడు. బండి అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. తాత కట్టు విప్పాక మొదట ఖాళీ బండితో, తరువాత సగం మూటలతో తిరిగి చూశాడు. "వెనుక నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది" అన్నాడు. ఇప్పుడు ఆయన బరువైన మూటలను అడుగున, వెనుక ఇరుసు మీద పెడతాడు, తేలిక కట్టలను పైన పెడతాడు. ఎవరైనా పిల్లవాడు మూట ముందుకు తోస్తే, "అక్కడ త్రిభుజం సన్నగుంటది" అని కోప్పడతాడు.

ప్రదర్శనలో పరీక్షకులు మరాఠీలో అడిగారు. గురుత్వ కేంద్రాన్ని మరాఠీలో గురుత్వమధ్య అంటారు, అది నేర్చుకొని పోయాను. మిగతాదంతా పలక లేపి చూపించాను. మూడు నమూనాలు, మూడు కోణాలు: తాత పాత బండి 17, బల్ల దింపిన బండి 24, బల్ల దింపి కాడి పెట్టి వంచిన బండి 32. ఒక పరీక్షకురాలు, "మరి అసలు బండికి వంగే కాడి ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. ఖర్చు గురించి చెప్పాను. ఇంకో కారణం కూడా చెప్పాను. పలక మీద నమూనా నిలబడిందంటే అది మలుపులో నిలబడే లెక్క మాత్రమే. గుంతలో పడ్డప్పుడు, మలుపు మధ్యలో బ్రేకు వేసినప్పుడు, ఒక చక్రం ఇసుకలో జారినప్పుడు కాడి ఎలా ప్రవర్తిస్తుందో ఖాళీ బండి మీద, మెల్లగా, ఎన్నో రోజులు చూడాలి. ఆ తరువాతే మా తాతను దాని మీద కూర్చోబెడతాను.

ఇప్పుడు మా వీధి వెల్డింగ్ దుకాణం వెనుక ఒక పాత బండి తుక్కు కింద పడి ఉంది. వేసవి సెలవుల్లో దానికి కాడి బిగించి చూడడానికి దుకాణం మామ ఒప్పుకున్నాడు. ఇనుము ఖర్చు నాది, వెల్డింగ్ ఆయనది. మొదట తొక్కేది నేనే, ఇసుక సంచులతో, మైదానంలో.

ఈ వ్యాసం చదివే వాళ్లలో చాలామంది ఇళ్ల ముందు మూడు చక్రాల బండి ఉంటుంది, పండ్లదో, పాత సామానుదో, మూటలదో. వంగే కాడి తయారయ్యే దాకా ఆగకుండా మీరు ఈ రోజే చేయగలిగినవి మూడు ఉన్నాయి. వెనుక చక్రాల మధ్య దూరం కొలవండి. సరుకు ఎంత ఎత్తుకు లేస్తుందో కొలవండి. ముందు చక్రాన్ని ఏదైనా కాటా మీదికి ఎక్కించి దాని మీద ఎంత బరువు ఉందో చూడండి. ఆ అంకెలు కాగితం మీద రాసి బండి తొక్కే వాళ్లకు చూపించండి. వాళ్లు పడితే అది వాళ్ల చేతకానితనం వల్లో, వయసు వల్లో కాదని, కొలతల వల్ల అని వాళ్లకు తెలియాలి. కొలతలనైతే మార్చుకోవచ్చు.